పైకప్పు మూగబోయిన వేళ
ఇంటి కప్పులో అమర్చిన స్పీకరు పలకడం మానితే, నిచ్చెన తీసే ముందు నేలమీదనే చేయవలసిన పని చాలా ఉన్నది

పురాణకాలంలో అశరీరవాణి ఆకాశం నుంచి వినవచ్చేది. కంసుడు విన్నది అట్టి వాణినే. 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి తమ ఇంట నెలకొల్పిన చిన్న రేడియో కేంద్రానికి 'ఆకాశవాణి' అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంత చక్కగా అమరిందంటే, తరువాత దేశంలోని ప్రసార సంస్థయే దానిని స్వీకరించింది. నేడు ఆ వాణి మరికాస్త కిందికి దిగివచ్చింది. పట్టణాలలోని అపార్టుమెంట్లలో, తెల్లని ఫాల్స్ సీలింగులో, చంద్రబింబం వంటి గుండ్రని జాలీ వెనుక కాపురం పెట్టింది. కంటికి కనిపించదు, బల్లమీద చోటు ఆక్రమించదు, దుమ్ము తుడవమని అడగదు. అయితే అది మూగబోయిన నాడు మాత్రం, ఎక్కడ చేయి పెట్టాలో ఇంట్లో ఎవరికీ తోచదు.

విశాఖపట్నంలో, సముద్రానికి కోసెడు దూరంలో ఉన్న ఒక ఇంటి సంగతి చూడండి. ఇంటి యజమాని లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధుడు. ఆయన భార్యకు నీటికాసుల వ్యాధి వల్ల చూపు పోయింది. పన్నెండేళ్ల క్రితం కొడుకు ఇంటికి కొత్త హంగులు చేయించినప్పుడు, పెద్ద పడకగది పైకప్పులో రెండు స్పీకర్లు పెట్టించాడు. ఒకటి కిటికీ వైపు, రెండవది తల్లి మంచానికి పైన. రేడియో కూడా కలిసి ఉన్న ఆంప్లిఫయరు గోడ అలమరలో ఉంటుంది. తెల్లవారుజామున భక్తిగీతాలు, ఆపై వార్తలు, మధ్యాహ్నం నాటకాలు, రాత్రి పాత పాటలు. గడియారం చూడలేని ఆ ఇల్లాలికి ఆ కప్పులోని గొంతే గడియారం. మందు వేసుకొనే వేళ, మనుమరాలు కాలేజీ నుంచి వచ్చే వేళ, దీపం పెట్టే వేళ అన్నీ ఆమె దానిని బట్టే లెక్క కడుతుంది.

వానాకాలం చివర ఒకనాటి ఉదయం ఆమె మంచం మీది స్పీకరు పలకలేదు. కిటికీ వైపుది మాత్రం సన్నగా మాట్లాడుతూనే ఉన్నది.

పిలిపించిన మెకానిక్కు మెడ ఎత్తి చూసి, "సీలింగు విప్పాలండి. ఆంప్లిఫయరు కూడా పాతదే. మొత్తం సెట్టు మార్చేస్తే నిశ్చింత" అన్నాడు. అతడు చెప్పిన మొత్తం మాస్టారి నెల పింఛనులో సగానికి పైగా ఉన్నది. మెకానిక్కు వెళ్లిన తరువాత మాస్టారు ప్లాస్టికు కుర్చీ తెచ్చి మంచం పక్కన వేశారు. కుర్చీ కాళ్లు కిర్రుమన్న చప్పుడు విని, "ఏమండీ, దిగండి. పలకనిది అది ఒక్కటే. దానికోసం మీరు కాలు విరగ్గొట్టుకోవద్దు" అన్నది ఆమె. అది సరైన సలహా. ఇటువంటి మరమ్మతులలో అసలు ప్రమాదం కరెంటు ఒక్కటే కాదు, కుర్చీ కూడా.

నూరేళ్లుగా మారని యంత్రం

స్పీకరు మార్చదలచినవారు ముందు దాని శరీరనిర్మాణం కొంచెం తెలుసుకోవడం మంచిది. కష్టమైన విషయమేమీ కాదు. ఒక అయస్కాంతం, దాని సందులో ఇమిడి ఉండే సన్నని రాగి తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన గరాటు వంటి కాగితపు లేదా ప్లాస్టికు శంకువు. ఆంప్లిఫయరు పంపే విద్యుత్తు తీగచుట్టలో ప్రవహించినప్పుడు అదీ ఒక అయస్కాంతమవుతుంది. విద్యుత్తు దిశ మారినకొద్దీ ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానితోపాటు శంకువు కదిలి గాలిని నెడుతుంది. ఆ నెట్టుడే మన చెవికి మాటగా, పాటగా సోకుతుంది.

కదిలే తీగచుట్ట ఆలోచన పాతదే. జర్మనీకి చెందిన వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1874లోనే ఇటువంటి నిర్మాణానికి పేటెంటు కోరాడు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జి 1898లో మరొక పేటెంటు పొందాడు. కాని ఆ రోజులలో విద్యుత్సంకేతాన్ని పెంచే సాధనం లేదు. కనుక గొంతు ఉన్నా ఊపిరి లేనట్లయింది. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు, అప్పటికి వాడుకలోకి వచ్చిన వాల్వు ఆంప్లిఫయరుతో నడిచే స్పీకరును రూపొందించి దాని సూత్రాలను ప్రకటించారు. నేటి స్పీకర్లలో అత్యధికభాగం ఆ నమూనాకు వారసులే. అంటే 2025 నాటికి దానికి నూరేళ్లు నిండాయి. రేడియో వాల్వులు పోయాయి, గ్రామఫోను ముల్లు పోయింది, క్యాసెట్టు పోయింది. స్పీకరు మాత్రం అలాగే నిలిచింది.

ఇందులో వ్యవధితో చెడిపోయే భాగం ఒకటున్నది. శంకువు అంచును ఇనుప చట్రానికి పట్టి ఉంచే మెత్తని వలయం అది. అగ్గువ రకాలలోనే కాదు, ఖరీదైన వాటిలో కూడా చాలాకాలం దీనిని ఫోముతో చేశారు. ఫోముకు తేమ శత్రువు. పది పదిహేనేళ్లకు అది జిగురుగా మారి, తరువాత పొడిగా రాలిపోతుంది. విశాఖ, చెన్నై, ముంబాయి, కోల్‌కతా వంటి తేమ నగరాలలో ఈ గతి ఇంకా తొందరగా పట్టవచ్చు. అంచు ఊడిన శంకువు పక్కకు వాలుతుంది. తీగచుట్ట అయస్కాంతపు సందులో రాసుకుంటుంది. మొదట గరగర వినిపిస్తుంది, చివరకు తీగ తెగి మౌనం. రబ్బరు అంచు ఉన్నవి ఇంతకంటే ఎక్కువకాలం మన్నుతాయి. కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

నేల మీద నిలిచి చేసే పరీక్షలు

ఆ ఇంటి మనుమరాలు పాలిటెక్నికులో ఎలక్ట్రానిక్సు చదువుతున్నది. సాయంత్రం వచ్చి, "తాతయ్యా, పైకి చూడకండి. ముందు అలమర దగ్గరకు రండి" అన్నది. ఆమె చేసినవి నాలుగు పరీక్షలు. నాలుగింటికీ నిచ్చెన అవసరం లేదు.

మొదటిది, ఆంప్లిఫయరు మీది మీటలు చూడడం. ఎడమ కుడి స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే బ్యాలెన్సు మీట ఒక పక్కకు పూర్తిగా తిరిగి ఉంటే రెండవ స్పీకరు చచ్చినట్లే ఉంటుంది. దుమ్ము తుడిచే గుడ్డ వల్ల ఇది తరచు జరుగుతుంది. ఇక్కడ మీట సరిగానే ఉన్నది.

రెండవది, తీగలు తారుమారు చేయడం. ఆంప్లిఫయరు ప్లగ్గు తీసివేసి, వెనుకవైపు కుడి స్పీకరు తీగలు ఎడమచోట, ఎడమవి కుడిచోట బిగించి, మళ్లీ పెట్టి చూడాలి. ఇప్పుడు మూగతనం రెండవ స్పీకరుకు పాకితే దోషం ఆంప్లిఫయరుది. పైకప్పును ముట్టుకోవలసిన పనే లేదు. మూగది మూగగానే ఉంటే దోషం తీగలోనో స్పీకరులోనో ఉన్నది. ఈ ఇంట్లో మూగది మూగగానే ఉన్నది. కాబట్టి ఆంప్లిఫయరు మార్చాలన్న మాట అక్కడితో తేలిపోయింది. అయిదు నిమిషాల పని, వేల రూపాయల ఖర్చును తప్పించింది.

మూడవది, మల్టీమీటరు. తీగలను ఆంప్లిఫయరు నుంచి విప్పి వాటి కొనల మధ్య నిరోధం కొలవాలి. ఎనిమిది ఓముల స్పీకరని ముద్రించి ఉన్నది మీటరుకు సుమారు ఆరు ఓములు చూపుతుంది. నాలుగు ఓములదైతే మూడు, మూడున్నర చూపుతుంది. దీనిని చూసి కంగారు పడరాదు. ముద్రించిన అంకె కదిలే విద్యుత్తుకు చెందినది, మీటరు చూపేది నిలకడ విద్యుత్తుకు చెందినది. ఇక్కడ కిటికీ వైపు స్పీకరు ఆరు చూపింది. మంచం పైది ఏమీ చూపలేదు. అంటే దారిలో ఎక్కడో తెగింది.

నాల్గవది మీటరు లేనివారికి. తీగలు ఆంప్లిఫయరు నుంచి విప్పిన తరువాతనే, గోడ గడియారపు ఒకటిన్నర వోల్టుల సెల్లును ఆ కొనలకు క్షణకాలం తాకించాలి. జీవమున్న స్పీకరు పైనుంచి 'టక్' మంటుంది. మామ్మ మంచం మీద పడుకొని చెవి ఒగ్గింది. కిటికీ వైపుది టక్కుమన్నది. ఆమె పైన ఉన్నది పలకలేదు. "పోయిందే తల్లీ" అన్నదామె.

నిచ్చెన ఎక్కేవారు

పైకెక్కడం తప్పదని తేలింది. అయితే ఎవరు ఎక్కాలి, ఎట్లా ఎక్కాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. రెండుకాళ్లూ సమంగా విచ్చుకొని గొలుసుతో నిలిచే నిచ్చెన కావాలి. కుర్చీ మీద స్టూలు, మంచం మీద కుర్చీ పనికిరావు. ఒకరు ఎక్కితే ఇంకొకరు పట్టుకొని నిలబడాలి. గదిలోని ఫ్యానును గోడ స్విచ్చితో ఆపితే చాలదు. ఎవరో వచ్చి గాలి కోసం స్విచ్చి వేయవచ్చు. మెయిను ఆపివేయాలి. స్పీకరు తీగలో ఇంట్లో వాడే శబ్దస్థాయికి ప్రాణహాని కలిగించేటంత విద్యుత్తు ఉండకపోవచ్చు. కాని ఆ కప్పు సందులోనే దీపాల తీగలు 230 వోల్టులతో పరుగెడుతుంటాయి. ఎలుకలు కొరికిన తీగ ఏదో, కొరకనిది ఏదో చేతికి తెలియదు. ఆంప్లిఫయరును తనలోనే ఇముడ్చుకొన్న కొన్ని కొత్తరకం స్పీకర్లకైతే నేరుగా ఇంటి కరెంటే అంది ఉంటుంది. వాటిని ఎలక్ట్రీషియను మాత్రమే విప్పాలి.

పాత ఇళ్లలో ఇంకొక జాగ్రత్త అవసరం. పైకప్పు ఆస్‌బెస్టాసు సిమెంటు రేకుతో చేసినదైతే దానిని కోయడం, గీకడం, రంధ్రం వేయడం చేయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏళ్ల తరువాత ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్‌బెస్టాసులోని అన్ని రకాలూ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. జిప్సం పలకకూ ప్లాస్టరు ఆఫ్ ప్యారిస్‌కూ ఆ భయం లేదు. కాని వాటిని కోసేటప్పుడు కూడా ముక్కుకు గుడ్డ, కంటికి అద్దాలు, మంచానికి దుప్పటి అవసరమే.

మాస్టారు వీధి చివరి ఎలక్ట్రీషియను కుర్రవాణ్ణి పిలిపించారు. తాము నిచ్చెన పట్టుకొన్నారు. జాలీ వెంటనే ఊడలేదు. గడిచిన సంక్రాంతికి గోడలకు రంగు వేసినవాడు కప్పుతోపాటు జాలీకి కూడా రెండు పూతలు పూశాడు. అంచుల చుట్టూ బ్లేడుతో రంగును కోసిన మీదట, వంచిన సన్నని తీగతో లాగితే అది ఊడివచ్చింది. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రాలలో సగం పూడిపోయి ఉన్నాయి. కిటికీ వైపు స్పీకరు ఏడాదిగా సన్నగా మాట్లాడుతున్నదెందుకో అప్పుడు అర్థమైంది. దాని జాలీకీ అదే గతి పట్టింది. స్పీకరు పాతబడిందని అనుకొనేవారు ముందు జాలీని చూడాలి. వేడినీటిలో నానబెట్టి, మెత్తని కుంచెతో శుభ్రం చేస్తే చాలా ఇళ్లలో గొంతు తిరిగివస్తుంది.

జాలీ వెనుక చట్రం చుట్టూ నాలుగు స్క్రూలు. ఒక్కొక్క స్క్రూకు వెనుక ఒక చెవి ఉండి పలకను పైనుంచి పట్టి ఉంచుతుంది. స్క్రూను ఎడమకు తిప్పితే చెవి వదులై లోపలికి మడుచుకుంటుంది. చివరి స్క్రూ విప్పేటప్పుడు రెండవ చేయి స్పీకరు కింద ఉండాలి. రెండు కిలోల అయస్కాంతం తీగను తెంపుకొని పడితే కింద ఉన్నది మంచం.

కిందికి దించి చూస్తే అంచు ఫోము వేలు తగిలిన చోటల్లా పొడిగా రాలింది. శంకువును మెల్లగా నొక్కితే లోపల గీసుకున్న శబ్దం. టెర్మినళ్లకు పచ్చని చిలుము పట్టి ఉన్నది. సముద్రపు గాలి చేసిన పని అది. అయినా తీగమీది అనుమానం కూడా తీర్చుకోవాలి కదా. పైనున్న రెండు తీగ కొనలను ఒకటిగా మెలిపెట్టి, కింద అలమర దగ్గర మీటరు పెట్టింది మనుమరాలు. సున్నాకు దగ్గరగా చూపింది. అంటే తీగ భేషుగ్గా ఉన్నది. మార్చవలసినది స్పీకరు ఒక్కటే.

అంగడికి తీసుకుపోవలసిన చీటీ

బల్బు పోతే ఇంకొక బల్బు తెస్తాము. స్పీకరు అట్లా కాదు. అది ఒక జోడులో సగం, ఒక ఆంప్లిఫయరుకు భారం, ఒక రంధ్రానికి మూత. కొత్తది ఈ మూడింటికీ సరిపోవాలి. మాస్టారు చీటీ మీద ఇవి రాసుకున్నారు: రంధ్రపు వ్యాసం 205 మిల్లీమీటర్లు, కప్పు పలక నుంచి పైనున్న స్లాబు వరకు ఎత్తు 120 మిల్లీమీటర్లు, నిరోధం 8 ఓములు. వ్యాసం అంటే బయటి చట్రపు వెడల్పు కాదు, కోసిన రంధ్రపు వెడల్పు. ఆరున్నర అంగుళాల స్పీకరని ఒకే పేరుతో అమ్మేవాటికి కూడా ఈ కొలత తయారీదారును బట్టి మారుతుంది. రంధ్రం చిన్నదైతే గీకి పెద్దది చేయవచ్చు. పెద్దదానిని చిన్నది చేయడం అంత సులభం కాదు.

మొదటిసారి తెచ్చినది సరిపడలేదు. కొలతలు సరిపోయాయి, ధర కూడా తక్కువే. బిగించకముందే కింద కలిపి చూస్తే, నూతి అడుగునుంచి ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపించింది. కారణం దాని వీపున ఉన్న చిన్న ట్రాన్సుఫార్మరు. అది బడులకు, దుకాణాలకు, గుడులకు వాడే 100 వోల్టుల లైను స్పీకరు. ఒకే ఆంప్లిఫయరుతో దూరదూరాన డజన్లకొద్దీ స్పీకర్లను నడపడానికి అటువంటి ఏర్పాటు ఉన్నది. లెక్కల మాస్టారు కాగితం తీసి లెక్క కట్టారు. 100 వోల్టుల వద్ద 10 వాట్లు తీసుకొనే స్పీకరు నిరోధం 1000 ఓములు. ఇంటి స్పీకరుది 8. ఇంటి ఆంప్లిఫయరు ఎనిమిది ఓములకు 10 వాట్లు అందించే చోట ఇది అందుకొనేది అందులో 125వ వంతు, అంటే వాటులో పన్నెండవ వంతు. గొంతు నూతిలోకి పోక ఏమవుతుంది?

దీనికి తలకిందులు పొరపాటు మరింత నష్టకరం. ఇంటి స్పీకరును తీసుకుపోయి గుడిలోని 100 వోల్టుల లైనుకు తగిలిస్తే లెక్క ప్రకారం అది 1250 వాట్లు కోరుతుంది. తీగచుట్ట మాడిపోవడమో, ఆంప్లిఫయరు దెబ్బతినడమో తప్పదు.

నిరోధం విషయంలో ఇంకొక మెలిక ఉన్నది. ఒకే జత తీగలకు రెండు 8 ఓముల స్పీకర్లను పక్కపక్కన కలిపితే ఆంప్లిఫయరుకు అవి 4 ఓములుగా కనిపిస్తాయి; నాలుగు కలిపితే 2. ఓములు తగ్గినకొద్దీ ఆంప్లిఫయరు మోసే బరువు పెరుగుతుంది. దాని వెనుక ఎంతకు తగ్గరాదో ముద్రించి ఉంటుంది. 8 ఉన్నచోట 4 పెట్టి, "బిగ్గరగా వస్తున్నది, మంచిదే" అనుకొనేవారు వేసవిలో కాలిన వాసన చూడవలసి రావచ్చు.

వాట్ల కంటే గమనించవలసిన అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో అది చెబుతుంది. 87 డెసిబెల్‌ల స్పీకరు 90 డెసిబెల్‌ల స్పీకరుతో సమంగా పలకాలంటే రెట్టింపు శక్తి కావాలి. ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది ఉన్నప్పుడు ఈ తేడా చెవికి తెలుస్తుంది. అందుకే జతగా మార్చడం మేలని చెబుతారు. కాని మాస్టారు దుబారాకు ఒప్పుకోలేదు. పాతదాని అంకెకు దగ్గరగా ఉన్న, రబ్బరు అంచు కలిగిన స్పీకరును ఒకటి కొన్నారు. కిటికీ వైపు దానిని కూడా దింపించి చూశారు. దాని ఫోము పగుళ్లిచ్చింది, కాని తీగచుట్ట బాగుంది. అటువంటి దానికి కొత్త అంచు అతికించే పనివారు పెద్ద ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొత్త స్పీకరు ధరలో కొద్ది భాగానికే అది మరి కొన్నేళ్ల ఆయువు పోసుకొని వచ్చింది. బతికి ఉన్న తీగచుట్టను పారవేయడం ధనవంతులకు కూడా తగదు.

బిగింపు

ఈసారి తెచ్చిన స్పీకరుకు రంధ్రం ఒక వేలెడు పెద్దదైంది. కప్పును కొత్తగా వేయించనక్కరలేదు. వడ్రంగి చేత సన్నని ప్లైవుడ్డు వలయం కోయించి, తెల్లరంగు వేసి, దానిని ముందు కప్పు చట్రపు లోహపట్టీలకు బిగించి, ఆ వలయంలో స్పీకరును కూర్చోబెట్టారు. చెవుల స్క్రూలను పలక కదలనంత వరకే బిగించాలి. బలం కొద్దీ తిప్పితే జిప్సం పలక చిట్లుతుంది.

చాలామంది వదిలివేసే పని ఒకటున్నది. స్పీకరు చట్రానికి ఒక ఉక్కు తీగ కట్టి, దాని రెండవ కొసను స్లాబు కొక్కేనికో, పలకను మోసే లోహపట్టీకో ముడివేయాలి. వాన కారి పలక నానినా, చెవి విరిగినా స్పీకరు వేలాడుతుందే తప్ప కింద పడదు. మంచానికో, ఉయ్యాలకో పైన ఉండే ఏ బరువుకైనా రెండవ ఆధారం ఉండాలి. దానికి అయ్యే ఖర్చు కాఫీ ఖర్చు కంటే మించదు.

తీగ విషయంలో అతి ఖర్చు అవసరం లేదు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మందం గల స్వచ్ఛమైన రాగి తీగ పదిహేను మీటర్ల దూరానికి రానూపోనూ ఓములో మూడవ వంతు మాత్రమే అడ్డుపడుతుంది. ఎనిమిది ఓముల ముందు అది లెక్కలోనిది కాదు. పాత తీగ బాగున్నప్పుడు చిలుము పట్టిన కొసను అంగుళం మేర కత్తిరించి, కొత్త రాగి కనిపించేదాకా ఒలిచి, బిగిస్తే చాలు.

మామ్మ తీర్పు

మెయిను వేశారు. రెండు స్పీకర్లూ పలికాయి. ఎలక్ట్రీషియను కుర్రవాడు డబ్బు తీసుకొని వెళ్లాడు. మాస్టారు సంతోషించారు. మామ్మ మాత్రం ఏమీ అనలేదు. మూడు రోజులు విన్నది. నాల్గవనాడు వార్తలు వస్తుండగా మనుమరాలిని పిలిచి, "ఇదివరకు వార్తలు చదివే మనిషి నా ఎదురుగా కూర్చొని చదివేవాడే. ఇప్పుడు గదిలో ఎక్కడ ఉన్నాడో తెలియడం లేదు. గొంతులో బరువు కూడా పోయింది. జలుబు చేసిన మనిషిలా ఉన్నాడు" అన్నది.

మాస్టారు నవ్వారు. మనుమరాలు నవ్వలేదు. ఆమెకు పాఠం గుర్తుకువచ్చింది. స్పీకరుకు ఎరుపు, నలుపు అని రెండు టెర్మినళ్లు ఉంటాయి. ఎరుపుకు ధనవిద్యుత్తు అందితే శంకువు ముందుకు రావాలన్నది వాడుక. రెండు స్పీకర్లలో ఒకదానికి తీగలు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే రెండవది వెనుకకు లాగుతుంది. మంద్రస్వరాలు ఒకదానినొకటి చంపుకొంటాయి. నడిమధ్యన నిలవవలసిన గొంతు గది అంతటా చెదిరిపోతుంది. రెండూ పలుకుతూనే ఉంటాయి గనుక చూసేవారికి దోషం కనిపించదు. ఇటువంటి పొరపాటుతో ఏళ్లతరబడి వినేవారు ఎందరో ఉంటారు.

మళ్లీ నిచ్చెన తెద్దామని మాస్టారు లేచారు. "అక్కరలేదు తాతయ్యా" అంటూ ఆ పిల్ల అలమర దగ్గరకు వెళ్లి, ఆంప్లిఫయరు ఆపి, కొత్త స్పీకరు తీగల కొసలు రెండింటిని మాత్రం ఒకదాని చోట ఒకటి మార్చి బిగించింది. పైన తారుమారైనది కింద తారుమారైతే లెక్క సరిపోతుంది. అర నిమిషం పట్టింది.

పైకప్పులోని దోషాలలో చాలా భాగం ఇట్లాంటివే. జబ్బు పైన వినిపిస్తుంది; దాని ఆచూకీ కిందనే దొరుకుతుంది. మీట, తీగ, మీటరు, జాలీ, చీటీ అన్నీ వరుసగా చూసిన తరువాత మిగిలినదే మార్చవలసిన వస్తువు. ఆ వరుస తప్పినవారే కప్పు విప్పించి, ఆంప్లిఫయరు మార్పించి, చివరకు రంగు పూడిన జాలీని అలాగే మళ్లీ బిగించుకుంటారు. అంతేకాదు, మరమ్మతు పూర్తయినదని చెప్పవలసినది పని చేసినవాడు కాదు, ఆ గొంతు ఎవరికోసమో ఆ మనిషి.

మనుమరాలు మళ్లీ రేడియో పెట్టింది. వార్తలు ఇంకా ముగియలేదు. ఏదో నదిలో వరద తగ్గుముఖం పట్టిందని చెబుతున్నారు. మామ్మ తల కొద్దిగా కిటికీ వైపు తిప్పింది, మళ్లీ ఇటు తిప్పింది, మధ్యకు వచ్చి ఆగింది.

"ఆఁ, ఇప్పుడు వచ్చి కూర్చున్నాడు" అన్నది.